ఎనిమిది కలాల బడి

నేను ఉద్యోగంలో చేరిన రోజున యంత్రం ఇంకా చెక్కపెట్టెల్లోనే ఉంది. మొత్తం మూడు పెట్టెలు. ఒక్కోదాని మీద నల్ల సిరాతో గొడుగు బొమ్మ, గాజు గ్లాసు బొమ్మ. ఓడలో బొంబాయికి, అక్కడి నుంచి గూడ్సులో నాంపల్లికి, నాంపల్లి నుంచి ఎడ్లబండి మీద మా దవాఖానకు వచ్చాయట. వచ్చి ఐదు నెలలైనా విప్పే మనిషి లేడు. కాంపౌండర్లు మధ్యాహ్నం వాటి మీద కూర్చుని టిఫిన్ డబ్బాలు తెరుచుకునేవాళ్లు.

నాకప్పుడు ఇరవై దాటింది. ఫిజిక్స్‌తో డిగ్రీ పాసై ఇంట్లో కూర్చున్నాను. మా ఇల్లు నాంపల్లి స్టేషన్ వెనక సందులో. నాయిన సర్కారు ఆఫీసులో గుమాస్తా. నిజాం రోజుల్లో ఉర్దూలో ఫైళ్లు రాశాడు, తరువాత ఇంగ్లీషులో రాశాడు. నేను ఆరో తరగతిలో ఉండగా రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వచ్చింది. అప్పటి నుంచి ఆంధ్ర వైపు ఆఫీసర్ల తెలుగుకు కూడా అలవాటు పడ్డాడు. "సిగ్గు పడకుంటే చాలు, మనిషి ఏ వయసులనైనా నేర్సుకుంటడు" అనేవాడు. దవాఖానలో సైన్సు చదివినవాళ్లు కావాలట అని వార్త తెచ్చింది కూడా ఆయనే.

దవాఖాన అబిడ్స్ వైపు పోయే దారిలో ఉండేది. దాని వెనక పాత బంగళాలో రెండు గదులు నరాల జబ్బుల విభాగానికి ఇచ్చారు. ఆ విభాగం అంటే ఒక్క డాక్టరు గారే. గుంటూరు వైపు మనిషి. విదేశాల్లో ఏళ్ల తరబడి మెదడు జబ్బుల చదువు చదివి, అక్కడ ఉండిపొమ్మన్నా ఉండకుండా వచ్చేశాడు. నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మీ ఇంట్లో ఫ్యూజు పోతే ఎవరు వేస్తారమ్మా?"

"నేనే వేస్త సార్."

"అయితే రేపట్నుంచి రా."

మర్నాడు పెట్టెల దగ్గరికి తీసుకుపోయి అసలు సంగతి చెప్పాడు. మెదడులో సన్నగా విద్యుత్తు పుడుతూ ఉంటుంది. తల మీద చిన్న వెండి బిళ్లలు అంటించి, తీగలు కలిపితే, ఈ యంత్రం ఆ విద్యుత్తును వేల రెట్లు పెంచి, ఎనిమిది కలాలతో కదిలే కాగితం మీద అలలుగా రాస్తుంది. ఫిట్స్ ఎక్కడి నుంచి పుడుతున్నాయో, తలలో గడ్డ ఏ వైపు ఉందో ఆ అలలు చూసి కొంత చెప్పవచ్చు. అప్పటిదాకా అలాంటి రోగులను ఆయన మద్రాసుకో బెంగుళూరుకో పంపేవాడు. పోయినవాళ్లలో తిరిగి వచ్చి కనపడినవాళ్లు తక్కువ.

"యంత్రం దొరికింది. దాన్ని వాడే మనుషుల్ని మాత్రం ఎవరూ పెట్టెలో పెట్టి పంపరు. వాళ్లను మనమే తయారు చేసుకోవాలి. ముందు నువ్వు తయారవ్వు" అన్నాడు.

నాకు భయం వేయలేదు. భయపడేంత తెలివి అప్పటికి లేదేమో.

కంపెనీ మనిషి బొంబాయి నుంచి వచ్చి, వారం రోజులుండి, యంత్రం బిగించి, మీటలు చూపించి వెళ్లిపోయాడు. అతను వెళ్లిన మూడో రోజు నుంచి కలాలు వణకసాగాయి. సన్నటి గీతకు బదులు బొచ్చు బొచ్చుగా లావాటి చారలు. ఎనిమిది కలాలూ ఎనిమిది గొంగళిపురుగుల్ని గీసేవి. ఫ్యాన్లు ఆపాను, దీపాలు తీసేశాను, తీగలన్నీ ఊడదీసి మళ్లీ కలిపాను. గొంగళిపురుగులు కదల్లేదు. కంపెనీకి జాబు రాస్తే, వానాకాలం పోయాక మనిషిని పంపుతామన్నారు. అప్పటికి ఇంకా ఎండాకాలమే.

అప్పుడా కాగితం ముక్క ఒకటి చింపుకుని అబిడ్స్‌కు నడిచాను. పెద్ద పోస్టాఫీసు వెనక సందులో మా నాయినకు తెలిసిన రేడియో మెకానిక్ ఉండేవాడు. చిన్న దుకాణం, నిండా విప్పేసిన రేడియోలు. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి నవ్వాడు.

"గిది రేడియోల గుర్రు లాంటిదే అమ్మా. మీ కరెంటు మీ కాయితం మీదికి ఎక్కుతుంది. ఎర్త్ తీగ యాడికి పోయిందో చూసిన్రా?"

చూడలేదని చెప్పడానికి సిగ్గేసింది. అతను అప్పుడే సైకిలెక్కి వచ్చాడు. మీటరు పట్టుకుని తీగ వెంబడి గోడ దిగి, పెరట్లోకి పోయి, ఒకచోట కూర్చుని మట్టి గిల్లి చూశాడు.

"మీ భూమి ఎండిపోయింది" అన్నాడు. "కింద అంతా రాయి. తడి లేకుంటే కరెంటు యాడికి పోతది? మనిషి లోతు తవ్వాలె. రాగి పలక పెట్టి, బొగ్గు, ఉప్పు నింపాలె. రోజు నీళ్లు పొయ్యాలె. ఇంతే, ఫికర్ లేదు."

మా విభాగంలో ఊడ్చి తుడిచే ఆయమ్మ పక్కనే నిలబడి అంతా వింది. పాలమూరు వైపు నుంచి మట్టిపనికి వచ్చిన మనిషి. దవాఖాన కొత్త వార్డు పునాదులు తవ్వడానికి వచ్చి, పని అయ్యాక ఇక్కడే ఆయాగా చేరింది. ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో. చదువు లేదు.

"అంటే భూమికి దూపైందా?" అంది.

"ఔ, దూపే" అన్నాడు మెకానిక్.

"నేను పోస్త నీళ్లు. తవ్వుడు గూడ నాకు కొత్త కాదు."

గుంత సగానికి పైగా ఆమే తవ్వింది. నాలుగో రోజు పొద్దున డాక్టరు గారు నన్ను మంచం మీద పడుకోబెట్టి, తానే బిళ్లలు అంటించి, యంత్రం తిప్పాడు. కళ్లు మూసుకోమన్నాడు. గొంగళిపురుగులు పోయాయి. నా తల వెనక భాగం నుంచి వచ్చే అల, నున్నగా, దువ్వెన పళ్లలా వరసగా పడింది. లేచి ఆ కాగితం చూసుకుంటే నా చేతిరాతను నేనే మొదటిసారి చూసినట్టయింది. ఆయమ్మ కూడా వంగి చూసింది.

"గిదేనా నీ మనసుల ఉన్నది?"

"మనసు కాదు ఆయమ్మా, మెదడు."

"రెండు ఒక్కకాడ ఉండయా?"

నేను డాక్టరు గారి వైపు చూశాను. ఆయన నవ్వి, "ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన రోజున మన విభాగం మూసేయొచ్చు" అన్నాడు.

రోగులు రావడం మొదలయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. దాని గురించి ఏ పుస్తకంలోనూ లేదు. మనవాళ్ల తలనిండా నూనె. ఆముదం, కొబ్బరినూనె, మంచినూనె, ఏదో ఒకటి. దవాఖానకు పోతున్నామంటే ఇంకాస్త ఎక్కువ రాసుకుని, నున్నగా దువ్వుకుని వచ్చేవాళ్లు. నూనె తల మీద బిళ్ల నిలవదు, నిలిచినా అల రాదు. స్పిరిటుతో తుడిస్తే మంట. సగం మందిని "తలంటుకుని రేపు రండి" అని వెనక్కి పంపేదాన్ని. ఒక రోజు మెదక్ వైపు నుంచి రెండు బస్సులు మారి గౌలిగూడ బస్టాండులో దిగి వచ్చిన ఒక తల్లీబిడ్డలను అట్లాగే పంపాను. ఆయమ్మ చీపురు పక్కన పెట్టి నా ముందుకొచ్చింది.

"అమ్మా, వాళ్లు రేపు రారు. వచ్చెతందుకు వాళ్లకాడ ఏముంది? జెర ఆపున్రి, నేను తలకు పోస్త."

పరుగున పోయి వాళ్లను గేటు దగ్గర పట్టుకొచ్చింది. వార్డు వంటింట్లో నీళ్లు కాచింది, ఎవరినడిగి తెచ్చిందో కుంకుడుకాయలు కొట్టింది. బంగళా వెనక అరుగు మీద ఆ పిల్లను కూర్చోబెట్టి, కళ్లకు చేయి అడ్డం పెట్టి, తన బిడ్డకు పోసినట్టు పోసింది. ఆ పిల్ల అప్పటిదాకా యంత్రం చూసి ఏడుస్తున్నది, తల ఆరబెడుతుంటే నిద్రకు వచ్చింది. ఆ రోజు రాసినంత శుభ్రమైన అలలు నేను అంతకుముందు రాయలేదు.

మర్నాటి నుంచి అదే పద్ధతి. పొద్దున్నే ఒక రాగి అండా నిండా వేడినీళ్లు, ఒక గంపలో కుంకుడుకాయలు. డాక్టరు గారు పరికరాల జాబితాలో కుంకుడుకాయలు కూడా రాసి పైకి పంపితే, ఆఫీసు వాళ్లు అచ్చుతప్పు అనుకుని తిప్పి పంపారు. మళ్లీ రాసి పంపాడు.

తలలు కడిగీ కడిగీ ఆయమ్మ వేళ్లకు తల ఆకారం తెలిసిపోయింది. బిళ్లలు ఎక్కడ పడితే అక్కడ పెట్టకూడదు. ముక్కు పైన గుంట నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపుతో కొలిచి, ఆ పొడవును పది వంతులు చేసి లెక్క ప్రకారం పెట్టాలి. నాకు ఒక్కో తలకు అరగంట పట్టేది. వెనక బొడిపె కొందరికి తెలియనే తెలియదు, తడిమి తడిమి విసిగిపోయేదాన్ని. ఆయమ్మ మాత్రం, "గీడ ఉంది సూడున్రి" అని ఒక్క వేలు పెట్టి చూపేది. టేపు అంకెలు ఆమెకు రావు. ఒక నూలు దారం తీసుకుని, ముందు నుంచి వెనక దాకా పట్టి, దాన్ని సగానికి మడిచి, ఆ సగాన్ని ఐదు మడతలు పెట్టి, మడత మడత దగ్గర కాటుకతో చుక్క పెట్టేది. రవిక కుట్టేవాళ్లు అట్లాగే కొలుస్తారట. నేను టేపుతో సరిచూసేదాన్ని. తేడా గోరు మందం కూడా ఉండేది కాదు.

ఈ సంగతి డాక్టరు గారికి చెప్పాను. ఆయన వచ్చి చూసి, తన తలే ఇచ్చి కొలవమన్నాడు. ఆమె బిడియపడింది. "సారు తల ఎట్ల ముట్టుకుంట?" అంది. "ముట్టుకోకుండా ఎట్లా నేర్పుతావు? రేపు వీళ్లకు నువ్వే నేర్పాలి" అన్నాడు ఆయన.

ఎవరికి నేర్పాలో ఆ తరువాత నెలలో తెలిసింది. జిల్లాల దవాఖానల నుంచి నలుగురిని మా దగ్గరికి ఆరు నెలల శిక్షణకు పంపేలా ఆయన పైవాళ్లను ఒప్పించాడు. ఇద్దరు నర్సులు, ఒక కాంపౌండరు, ఒక ఎక్స్‌రే అతను. "రెండు గదులున్నాయి, ఒక యంత్రం ఉంది, ఇద్దరు టీచర్లున్నారు. బడికి ఇంకేం కావాలి?" అన్నాడు. ఆ ఇద్దరిలో ఒకరు తనేననుకున్నాను. కాదట, నేనూ ఆయమ్మానట.

మొదటి రెండు వారాలు నేను పుస్తకంలో ఉన్న ఇంగ్లీషునే బోర్డు మీద రాసి చదివాను. నలుగురూ తలలూపుతూ రాసుకున్నారు. వరంగల్ నుంచి వచ్చిన నర్సు అన్నిటికంటే ఎక్కువ తలూపేది. ఒక మధ్యాహ్నం ఆయమ్మ నన్ను అరుగు దగ్గరికి పిలిచింది.

"మీరు చెప్పేది ఆళ్లకు సమజ్ అయితలేదు. ఆ వరంగల్ పిల్ల బాత్‌రూముల ఏడుస్తుంది. ఊరికి పోత అంటుంది."

"మరి నన్ను అడగవచ్చు కదా?"

"ఎట్ల అడుగుతది? మీరు ఇంగ్లీషుల నిలబడితిరి."

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. ఇంటికి వచ్చి నాయినకు చెప్పాను. ఆయన నవ్వలేదు. ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు మారిన ఏడాది తన పక్క టేబులు మనిషి ఆఫీసుకు రావడమే మానేసిన సంగతి చెప్పాడు. నేను ఆ ఆదివారం అంతా కూర్చుని పాఠాలను తెలుగులోకి మార్చాను. ఇంగ్లీషు పేరు పక్కనే మన మాట. కాగితం మీద సూదిలా లేచేదాన్ని "ముల్లు" అన్నాను. ముల్లు వెనక గుండ్రంగా వచ్చేదాన్ని "అల". నిద్రపోయేటప్పుడు వచ్చే చిక్కటి గుత్తిని "కండె" అన్నాను, నేతవాళ్ల కండెలా ఉంటుంది కనుక. ఎక్స్‌రే అతనిది సిరిసిల్ల, నేతింటివాడు. కండె అనగానే అతని ముఖం వెలిగింది. వరంగల్ నర్సు ఊరికి పోలేదు. అడగడం మొదలుపెడితే ఆమె ప్రశ్నలకు జవాబులు వెతకడమే నాకు పని అయింది.

డాక్టరు గారికి అంతటితో తృప్తి లేదు. మేము చూసే పుస్తకాల్లో ఆరోగ్యంగా ఉన్న మనిషి అలలంటే చలిదేశాల మనుషుల అలలు. "మనవాళ్లవి కూడా అట్లాగే ఉంటాయా, లేదా? ఉంటాయని ఊహించుకుని మందులిస్తున్నాం. కొలిచి చూద్దాం" అన్నాడు. అందుకు జబ్బు లేని మనుషులు కావాలి. జబ్బు లేని మనిషి తలకు తీగలు పెట్టించుకోవడానికి ఎందుకు వస్తాడు?

నేను మా సందులో ఇల్లిల్లూ తిరిగాను. "మెదడు దవాఖానకా? పిచ్చి అనుకుంటరు" అని తలుపు దగ్గరే తిప్పి పంపారు. మా అమ్మ ముందే చెప్పింది, "నీకింకా పెండ్లి కాలేదు, గీ ముచ్చట సందంతా చెప్పకు" అని. చివరికి నాయిన లేచాడు. ఆఫీసుకు సెలవు పెట్టి, కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని వచ్చి, మా అరుగు మీద ఆయమ్మతో తలంటించుకున్నాడు. మంచం మీద పడుకున్న ఐదు నిమిషాలకు గురక. ఆ కాగితం ముక్క ఒకటి ఇంటికి తీసుకుపోయి వచ్చినవాళ్లకల్లా చూపించాడు. "సర్కారు దవాఖాన మోహర్‌ గుద్ది రాసిచ్చిన్రు, నా దిమాగు దురుస్తుగ ఉందని. మీకు ఉందా గిట్లాంటి కాయితం?" అనేవాడు.

నేను నెల రోజులు తిరిగి చేయలేని పనిని ఆ మాట ఒక్క వారంలో చేసింది. ఆఫీసు గుమాస్తాలు వచ్చారు. నాంపల్లి మిఠాయి దుకాణం ఆసామి, అబిడ్స్‌లో పుస్తకాలమ్మే పెద్దాయన, హిమాయత్‌నగర్ నుంచి ఇద్దరు టీచరమ్మలు వచ్చారు. మా రేడియో మెకానిక్ వచ్చి, మంచం మీద పడుకుని, కలాల చప్పుడు విని రెండో కలం స్ప్రింగు వదులైందని చెప్పాడు.

అట్లా వచ్చినవాళ్లలో మా సందు చివరి ఇంటి పిల్ల ఒకతె. తొమ్మిదేళ్లు. వాళ్ల అమ్మ తను చేయించుకుంటూ పిల్లను కూడా తెచ్చింది, జబ్బేమీ లేదు, ఉత్తగా. పిల్ల చురుకైనదే కానీ బడిలో పరధ్యానం అని, పంతులమ్మ రోజూ బెంచీ ఎక్కిస్తుందని వాళ్లమ్మ చెబుతూనే ఉంది. ఆ రోజు యంత్రం దగ్గర వరంగల్ నర్సు కూర్చుంది. ఆయమ్మ పిల్ల పక్కన. నేను తలుపు దగ్గర.

పరీక్షలో ఒక భాగం, మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి తీసి వదలాలి. పిల్లలకు అది ఆటలా ఉండాలని ఆయమ్మ ఒక కాగితపు గిరక చేసి వాళ్ల నోటి ముందు పట్టేది.

"ఊదు బిడ్డా, తిరగాలె, ఆగొద్దు. మంచిగ ఊదుతున్నవ్."

గిరక గిర్రున తిరిగింది. రెండు నిమిషాలు దాటాయి. ఉన్నట్టుండి గిరక ఆగింది. పిల్ల కళ్లు తెరిచే ఉన్నాయి, ఎటూ చూడటం లేదు. అదే క్షణంలో ఎనిమిది కలాలూ ఒక్కసారిగా పైకి కిందికి ఎగరడం మొదలుపెట్టాయి. ముల్లు, అల. ముల్లు, అల. సెకనుకు మూడు చొప్పున, ఎవరో తూచి పోసినట్టు.

నర్సు యంత్రం ఆపలేదు. కాగితం మీద పెన్సిలుతో టైము వేసింది. తరువాత, పిల్ల వింటున్నదో లేదో చూడటానికి నేను నేర్పినట్టే, మెల్లిగా, "పాపా, బత్తాయి" అంది. జవాబు లేదు. పదో పదకొండో సెకన్లు గడిచాయి. కలాలు టక్కున మామూలుకు వచ్చాయి. పిల్ల రెప్పలార్చి, ఏమీ జరగనట్టు మళ్లీ ఊదడం మొదలుపెట్టింది.

"పాపా, ఇప్పుడు నేనేం చెప్పిన?" అంది నర్సు.

"మీరేం చెప్పలే" అంది పిల్ల.

వాళ్లమ్మ లేచి నిలబడింది. ఆమెకు ఏం అర్థమైందో తెలియదు గానీ ముఖం పాలిపోయింది. డాక్టరు గారిని పిలిచాం. ఆయన కాగితాన్ని నేల మీద పొడుగ్గా పరిచి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. "ఇదిగో, ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా మీ అమ్మాయి ఇక్కడ లేదమ్మా. ఇట్లా రోజుకు చాలాసార్లు జరుగుతూ ఉండాలి. ఇది పరధ్యానం కాదు, ఒక రకం ఫిట్సు. దీనికి మందుంది" అన్నాడు.

ఆమె కాగితాన్నే చూస్తూ, "నేను గూడ కొట్టిన సార్" అంది. ఆయమ్మ పిల్ల తలలో మిగిలిన జిగురు కడగడానికి బయటికి తీసుకుపోయింది.

మందు మొదలుపెట్టారు. నేను డాక్టరు గారి ఉత్తరం, ఆ కాగితం ముక్క పట్టుకుని బడికి పోయాను. పంతులమ్మ ఉత్తరం రెండుసార్లు చదివింది. తరువాత, "ఇట్లాంటి పిల్ల నా క్లాసుల ఇంకొకతి ఉంది, తీసుకురానా?" అని అడిగింది. తీసుకువచ్చింది కూడా. ఆ రెండో పిల్లకు ఏమీ లేదు, ఉత్త పరధ్యానమే. మా సందు పిల్లకు బడిలో ఆగిపోవడాలు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఏడాది తిరిగేసరికి కనపడకుండా పోయాయి. ఆ కాగితం మీద జబ్బును మొదట పట్టింది డాక్టరు కాదు, నేను కాదు, అంతకు మూడు నెలల ముందు ఊరికి పోతానని ఏడ్చిన నర్సు. నాకు అప్పుడు గట్టిగా అనిపించింది, ఈ బడి నిలబడుతుందని.

నిలబడాలంటే గుర్తింపు కావాలి. రెండో బ్యాచి నడుస్తుండగా పైనుంచి ముగ్గురు పెద్దలు చూడటానికి వచ్చారు. గదులు చూశారు, నా తెలుగు నోట్సు తిరగేశారు, మా ఆరోగ్యవంతుల అలల కట్టలు విప్పి చూశారు. వాటిని చూసి ఒకాయన నిజంగానే సంతోషపడ్డాడు, ఇంకా ఎన్ని రాస్తారని అడిగాడు. ఇంకొకాయన మాత్రం ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాడు.

"బిళ్లలు పెట్టడం ఎవరు నేర్పుతారు?"

డాక్టరు గారు ఆయమ్మను చూపించాడు.

"ఈమె చదువు?"

"చదువుకోలేదండి."

"నర్సులకు, టెక్నీషియన్లకు ఈమె నేర్పుతుందా? దీనికి ఒక పద్ధతి ఉండక్కర్లేదా?"

"పద్ధతి ఉందండి. మీరే చూడండి. తల ఇవ్వండి" అన్నాడు మా డాక్టరు గారు.

మిగతా ఇద్దరూ నవ్వారు. ఇక ఆయన పడుకోక తప్పలేదు. ఆయమ్మ కొంగు నడుముకు దోపుకుని, ఆయన తల మీద చేయి వేసి, వెంటనే తీసేసింది.

"సారూ, మీరు నూనె పెట్టుకున్నరు. తలకు పోసుకోవాలె."

నేను డాక్టరు గారి వైపు చూశాను, ఆయన కిటికీ వైపు చూశాడు. ఆ పెద్దమనిషి కాసేపు అట్లాగే పడుకుని, తరువాత చొక్కా విప్పి అరుగు మీదికి నడిచాడు. ఆయమ్మ అందరికీ పోసినట్టే ఆయనకూ పోసింది, కళ్లు మూసుకోమని గదమాయించి మరీ. తుడిచి, పడుకోబెట్టి, దారం తీసింది. ఆయన జేబులోంచి సొంత టేపు తీసి ప్రతి చుక్కనూ మమ్మల్ని కొలిచి చూపమన్నాడు. చూపాం. తేడా దొరకలేదు. అలలు రాశాం, శుభ్రంగా వచ్చాయి. లేచి వెళ్లేటప్పుడు, దారాన్ని ఐదు మడతలు ఎట్లా పెడతావని ఆమెను అడిగి రెండుసార్లు చేయించుకుని చూశాడు.

గుర్తింపు వచ్చింది. కానీ కాగితంలో నేర్పేవాళ్ల పేర్ల దగ్గర ఆయమ్మ పేరు లేదు. పది పాసు కాని మనిషిని రాయడానికి రూలు ఒప్పుకోదన్నారు. డాక్టరు గారు మూడు జాబులు రాశాడు, లక్డీకాపూల్‌లో ఆఫీసుల చుట్టూ తిరిగాడు, ఓడిపోయాడు. నాకు కోపం ఆగలేదు. ఆమెతో అంటే, "కాయితంల లేకుంటే చేతుల నుంచి పోతదా?" అంది. ఆమెకు బాధ లేదనుకోవద్దు. ఆ వారమే నన్ను పలక అడిగింది. మధ్యాహ్నాలు రోగులు లేనప్పుడు అక్షరాలు దిద్దింది. శిక్షణకు వచ్చిన ప్రతి బ్యాచీ ఆమె దగ్గర తలలు నేర్చుకుని, ఆమెకు ఒక వాచకం నేర్పి వెళ్లేది. నాలుగేళ్లకు ప్రైవేటుగా ఏడో తరగతి పాసైంది. ఆయా ఉద్యోగం నుంచి ల్యాబు అటెండరుగా మార్చారు. అంతకంటే పైకి రూలు మళ్లీ అడ్డం వచ్చింది.

డెబ్బైల్లో నాకు పెళ్లయింది, కొన్నాళ్లకు బిడ్డ పుట్టింది. మూడు నెలలు సెలవు. సెలవుకు ముందు నేను పడ్డ ఆత్రం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఏ మీట ఎప్పుడు తిప్పాలో, ఏ కలం మొరాయిస్తే ఏం చేయాలో రెండు నోటు పుస్తకాలు రాసి పెట్టాను. ఇంటి దగ్గర పిల్లను ఒళ్లో వేసుకుని, ఈ పాటికి కలాలు ఎండిపోయి ఉంటాయి, ఎవరో వచ్చి నన్ను పిలుచుకుపోతారు అని ఎదురుచూసేదాన్ని. ఎవరూ రాలేదు.

సెలవు అయిపోయి ఒక సోమవారం పొద్దున వెళ్లాను. అరుగు నిండా జనం. నేను లేనప్పుడు యంత్రం ఒకసారి పూర్తిగా ఆగిపోయిందట. కంపెనీకి జాబు రాయకుండానే రేడియో మెకానిక్, సిరిసిల్ల ఎక్స్‌రే అతను కలిసి రెండు రోజుల్లో బాగుచేశారట. సిరిసిల్ల అతను శిక్షణ అయ్యాక ఊరికి పోయి, తిరిగి మా దగ్గరికే ఉద్యోగానికి వచ్చాడు. వరంగల్‌లో కొత్త యంత్రం పెట్టారట, నర్సు అక్కడ తన కింద ఇద్దరికి నేర్పుతోందట. ఇవన్నీ నాకు తరువాత తెలిశాయి. అప్పటికి నేను తలుపు దాకా మాత్రమే పోగలిగాను. అక్కడ కొత్త బ్యాచి అమ్మాయి ఒకతె, చేతిలో చీటీల కట్టతో నిలబడి ఉంది. నన్నెప్పుడూ చూడలేదు.

"లోపట పరీక్ష నడుస్తుంది అమ్మా. చప్పుడు చేయొద్దు. మీ చీటీ ఇచ్చి ఆడ కూసోండి, పిలుస్తం" అంది.

నేనెవరో చెప్పబోయి ఆగాను. లోపల కలాలు సన్నగా, ఒకే చప్పుడుతో నడుస్తున్నాయి. ఎవరో పిల్లవాడికి కళ్లు మూసుకోమని చెబుతున్నారు, చెప్పాల్సినంత మెల్లిగా, చెప్పాల్సిన మాటలే. కొంచెం ఉక్రోషం వచ్చిందని ఒప్పుకోవాలి. అది ఎక్కువసేపు నిలవలేదు. వెళ్లి బెంచీ మీద, నల్లగొండ నుంచి వచ్చిన ఒక ముసలాయన పక్కన కూర్చున్నాను.

"వీళ్లు మంచిగ చూస్తరా బిడ్డా?" అని అడిగాడు ఆయన.

"మంచిగ చూస్తరు తాతా" అన్నాను.